కరెంటు వచ్చేదాకా

టిబిలిసిలో, గల్దానీ పేటలో,
తొమ్మిదంతస్తుల పాత భవనం అడుగున నా కుట్టు దుకాణం.
పక్కనే లిఫ్టు. నాణెం మింగితే గానీ కదలదు.
ఎక్కి దిగే వాళ్ళందరి కొలతలూ నా దగ్గర ఉన్నాయి:
నడుము, భుజం, చేతి పొడవు.
అంతకు మించి ఎవరూ కొలవనివ్వరు.

డిసెంబరులో ఒక సాయంత్రం త్సియాలా వచ్చింది,
బడిలో భూగోళం చెప్పే మనిషి.
కొత్త కోటుని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు
రెండు వేళ్ళతో పట్టుకొచ్చి
బల్ల మీద పడేసి మొహం తిప్పుకుంది.
"వాటిని తీసెయ్యి."
"వేటిని?"
"అవే."
ఆ పేరు ఆమె నోటికి రాలేదు.
నాలుగేసి కళ్ళతో, గుండ్రంగా, నల్లగా
కోటు మీద ఏడు గుండీలు.

నవ్వాను. ఒప్పుకుంటున్నాను.
నలభై ఏళ్ళుగా నాకు రొట్టె పెట్టినవి అవే మరి.
ఆమెకి కోపం రాలేదు.
ఇలాంటి నవ్వులు చాలా చూసిన దానిలా
"ఎంతవుతుంది?" అంది, గోడతో.

ఆ రాత్రి లిఫ్టు బాగుచేసే బద్రీకి
వేడుకగా చెప్పాను. వాడు నవ్వలేదు.
పానా కింద పెట్టి, గొంతు తగ్గించి,
"నాకు పీచ్ పండు" అన్నాడు.
దాని నూగు గోటికి తగిలితే
పళ్ళన్నీ జలదరిస్తాయట. సైన్యంలో చేరేదాకా
వాళ్ళమ్మే తొక్క తీసి పెట్టేదట.
సైన్యంలోనో?
కళ్ళు మూసుకుని తొక్కతోనే మింగాడట, పందెం కాసి కూర్చున్న
పదకొండుమంది ముందు.
మూడో అంతస్తు పియానో పంతులమ్మ మ్జెకాలాకి
మెట్లంటే భయం లేదు, చీకటంటే లేదు,
అయిపోయిన మెట్ల తర్వాత ఇంకోటి ఉందనుకుని
కాలు గాల్లో పడుతుందే, ఆ ఒక్క క్షణమంటే భయం.
అందుకే పైకి లెక్కపెడుతూ దిగేది.
మేమంతా తాళం అనుకున్నాం.

ఏడూ కత్తిరించాను.
లోపలివైపు కొక్కేలు కుట్టాను, పైకి కనబడకుండా.
గుండీలు జామ్ సీసాలో వేసి తెర వెనక దాచాను.
ఆమె వచ్చే వేళకి నా చొక్కా గుర్తొచ్చింది.
పొయ్యి పక్కన చెమటలు కక్కుతూ
మెడ దాకా స్వెట్టరు తొడుక్కుని కూచున్నాను.
కోటు వేసుకుని అద్దం ముందు ఒకసారి తిరిగింది.
రెండోసారి కూడా తిరిగింది.
స్వెట్టరు వైపు చూసి
ఏమీ అనలేదు.

ఇక నా సంగతి.
దుకాణంలో కొలతల బొమ్మ ఒకటి ఉంది,
తల లేదు, చేతుల్లేవు, చక్రాల మీద నిలబడుతుంది.
పొద్దు వాలితే దాని ఛాతీ నన్నే చూస్తుంది.
తల లేనిదానికి చూపేమిటని
పగలు నన్ను నేనే తిట్టుకుంటాను.
ముప్ఫై ఏళ్ళుగా, దీపం పెట్టే ముందే
దాన్ని గోడకేసి తిప్పుతున్నాను.
దుమ్ము పడకుండా అనుకుంది నా భార్య లామారా.
అనుకోనిచ్చాను.
ఆమె పోయాక అడిగేవాళ్ళు కూడా లేరు.

మార్చిలో కోటు అంచు ఊడిందని త్సియాలా మళ్ళీ వచ్చింది.
నేను ఎవరిదో చొక్కా ముగిస్తున్నాను.
ఆమెని చూసి చొక్కా మడత పెట్టబోయేంతలో
కరెంటు పోయింది, భవనం మొత్తం.
లిఫ్టు ఎక్కడో మధ్యలో ఆగి మూలిగింది.
బొమ్మ ఇంకా గదిలోకే తిరిగి ఉంది.
నా చేతులు సూదితో సహా బిగుసుకుపోయాయి.

చీకట్లో చక్రాలు కిర్రుమన్నాయి.
"తిప్పేశాను" అంది త్సియాలా.
ఎప్పుడు కనిపెట్టిందో అడగలేదు.

అప్పుడే నా ఒళ్ళోంచి ఒక గుండీ జారింది.
నేల మీద దొర్లుతూ దొర్లుతూ
ఆమె వైపే పోయింది ఆ చప్పుడు.
ఆమె ఊపిరి ఆగడం విన్నాను.
లేచి, తడుముకుంటూ వెళ్ళి,
దాని మీద పాదం వేసి తొక్కిపట్టాను.
నా మడమ పక్కనే ఆమె చెప్పు.

ఇద్దరం అలాగే నిలబడ్డాం.
పైన ఎవరో మెట్లు దిగుతున్నారు,
పద్నాలుగు, పదిహేను, పదహారు.
కరెంటు వచ్చేదాకా
కాలు తియ్యలేదు.