వేణ్ణీళ్ల కాలువ

నాది చిన్న ఉద్యోగం.
మూడు గంటలకోసారి రెండు అంకెలు రాయాలి:
ఎగువన దాన్యూబ్ ఎంత చల్లగా ఉందో,
మా కాలువ నోట్లో పాదరసం ఎంత ఎక్కిందో.
తేడా హద్దు దాటలేదని
కింద ఒక సంతకం.

చలికాలం తెల్లవారుజామున ఆ కాలువ మీద
వేడి రొట్టె విరిచినంత ఆవిరి.
ఒడ్డంతా మంచు, నీళ్లు మాత్రం గోరువెచ్చన.
రియాక్టర్ ఒంటి వేడిని కడిగిన నీళ్లు
తప్పేమీ చేయనట్టు నదిలోకి నడిచొస్తాయి.

చేపలు చలి కాచుకోడానికి చేరతాయి,
ఒకదాని వీపు మీద ఒకటి.
జనవరిలోనే ఏప్రిల్ వచ్చిందని నమ్మి
కడుపులో గుడ్లు పండించుకుంటాయి.
తినడానికి మాత్రం జనవరే.
నది అడుగున పురుగు ఇంకా నిద్ర లేవదు.

ఆగస్టు మాట వేరు.
నది తానే ఇరవయ్యారుకి వస్తుంది,
మేం మరో మూడు కలుపుతాం.
చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి,
ఏదో అడగబోయి మానుకున్నట్టు.
ఫారంలో ముప్ఫై దాకా గడులున్నాయి.
నోళ్లకు గడి లేదు.

"మీ కంపెనీ చల్లగా ఉండాలి పిరోష్కా"
అంటాడు ఓడన్ మామ, గాలం సర్దుకుంటూ.
తర్వాత తన మాటకు తనే నవ్వుతాడు.
శీతాకాలమంతా అతని బకెట్ నిండుగానే ఉంటుంది.
ఒక్క చేప కోసమే గొణుక్కుంటాడు:
మెన్యుహాల్.
గడ్డానికి ఒకే ఒక్క మీసం, పాములాంటి ఒళ్లు,
నది గడ్డకట్టే రాత్రుల్లోనే జతకట్టే చేప.
క్రిస్మస్ పులుసులో దాని కాలేయం వేసి
పద్నాలుగేళ్లయిందట.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు.
తోడు వెళ్లిన చన్నీళ్లు ఏమయ్యాయో
సామెత చెప్పదు.

ఫిబ్రవరి తొమ్మిది, రాత్రి రెండుంపావు.
ఏదో వాల్వ్, ఏదో ఎర్ర దీపం.
రియాక్టర్ ఆగింది.
ఎవరికీ ఏమీ కాలేదు,
మర్నాడు పేపరు కూడా అదే రాసింది.
పంపులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి,
చన్నీళ్లు తెచ్చి చన్నీళ్లు పోస్తూ.
నేను చూస్తుండగానే పాదరసం దిగింది.
పంతొమ్మిది. పదకొండు. ఆరు.

వేడికి వారాల తరబడి అలవాటుపడ్డ ఒళ్లు
చలికి అలవాటుపడటానికి
ఒక్క రాత్రి కూడా దొరకలేదు.
ముందు రెక్కల్ని మర్చిపోయాయి,
తర్వాత ఏది పైనో, ఏది కిందో.

తెల్లారేసరికి కాలువ పొడుగునా తెల్లటి పొట్టలు.
ఓడన్ మామ బకెట్‌తోనే వచ్చాడు.
వంగి ఒకదాన్ని తీసి పొట్ట నొక్కి చూశాడు.
పండిన గుడ్లు వేళ్ల మీదికి జారాయి.
దాన్ని తిరిగి నీళ్లలో పెట్టాడు.
వెయ్యలేదు, పెట్టాడు.
నా వైపు చూడకుండా గట్టెక్కి వెళ్లిపోయాడు,
ఖాళీ బకెట్ మోకాలికి కొట్టుకుంటూ.

ఆరు గంటల వరసలో నేను రాశాను:
ఎగువన రెండున్నర. కాలువలో రెండున్నర.
తేడా సున్నా.
ఇన్నేళ్ల రిజిస్టర్లో
అంత మంచి అంకె
ఎప్పుడూ రాయలేదు.