రాయికి తెలిసేలోపు

హైవే పక్కన మా ల్యాబు.
పగలు లారీలు పోతుంటే బల్ల వణుకుతుంది.
అందుకే లేజరును
రాత్రి పదకొండు దాటాకే నిద్రలేపుతాను.

గాజు మీద టైటానియం పొర.
వెంట్రుకను వెయ్యి పాయలు తీస్తే
అందులో ఒక పాయంత.
దాన్ని వెలుగుతోనే దున్నాలి,
వెలుగు అలకన్నా సన్నటి చాళ్ళుగా.

పదహారు నమూనాలు పాడయ్యాయి.
పవరు కాస్త ఎక్కువైతే పెచ్చులూడింది,
తగ్గిస్తే ఏమీ జరగనట్టు
నా మొహాన్నే నాకు చూపించింది.

రాత్రి షిఫ్టులో ఊడ్చే మస్తాన్‌బీ
గడప అవతల చెప్పులు విడిచి అడిగింది:
"ఏంది మేడమా, ఇంతసేపు ఏం కాలస్తా ఉండారు?"

కాల్చడం కాదు, కాలేలోపు ఆపడం అన్నాను.
రెప్పపాటును కోటి ముక్కలు చేసి
ఒక్క ముక్కను మళ్ళీ లక్ష చేస్తే
అందులో ఒకటి.
వేడికి పక్కకు పాకే తీరిక ఉండదు.

"కలిచేడు షెడ్డులో మా మేస్త్రీ ఇదే చెప్పేవోడు.
కత్తి దూరినట్టు రాయికి తెలీకూడదంట.
తెలిసిందా, పగల్తది."

పదకొండేళ్ళు అభ్రకం చీల్చిన చేతులు.
చూపుడువేలి గోరు ఇప్పటికీ సగమే.

మర్నాడు పాత కేలండరు కాగితంలో చుట్టి తెచ్చింది
అరచేయంత పచ్చ అభ్రకం.
నా బ్లేడు తీసుకుని, అంచు మీద ఊది,
పేజీ తిప్పినట్టు ఒక పొర లేపింది.
లోపలి ముఖం
ఎన్ని కోట్ల ఏళ్ళుగానో
దుమ్ము కూడా వాలనిది.

పదిహేడో నమూనా దాని మీదే.
వెలుగు ఊపు నిలువైతే చాళ్ళు అడ్డం పడ్డాయి,
ఊపు తిప్పాను, అవీ తిరిగాయి.

ఆమె చేతిలో పెట్టాను.
వంచితే నీలం.
ఇంకాస్త వంచితే ఆకుపచ్చ.
నిటారుగా పట్టుకుంటే బూడిద, అంతే.
"ఏ రంగేశారు?"
వెయ్యలేదు, వట్టి గీతలే.
నమ్మక, వేలికొసతో రుద్దబోయి ఆగింది.

దేనికంటే చెప్పుకుంటూ పోయాను:
సెన్సర్లు, కటకాలు,
దొంగ సరుకు పట్టించే ముద్రలు.
విన్నదో లేదో.
ఆ రోజుల్లో ఇంటికెళ్తే జుట్టంతా తళతళలాడేదట.
మొగుడు ఖాదరు చూసి నవ్వేవాడట,
అతనికి దగ్గు మొదలయ్యేదాకా.
అతనూ ఆ గనిలోనే.

నోటుపుస్తకంలో రాశాను:
నమూనా పదిహేడు. అడుగు పలక, అభ్రకం. ఊరు, కలిచేడు.
చీల్చినవారు అనే గడి
మా పట్టీలో లేదు.
పెన్ను పట్టుకుని ఉండగానే
బయట రొయ్యల లారీ పోయింది.
బల్ల వణికింది.
లేజరు ఆపేశాను.