సీటు ఎత్తు

నూరు సీసీదా, నూటిరవై అయిదుదా
పంచరు దుకాణం మొయిన్ ఒకటి జెప్తడు
బత్తాయి తోట కాపలా లింగస్వామి ఇంకోటి జెప్తడు
చిట్టీ ఎత్తుకున్ననని తెలిసిన కాడికెల్లి
ఊరంతా నాకు మెకానిక్కే.

నేను మాత్రం టేపు జేబులేసుకొని బయలెల్లిన.
గోడలు కొలిచే టేపు. ఇరవై ఏండ్ల మేస్త్రి పనిది.
పొద్దుగాల్నే జానన్నను అరుగు కాడ నిలవెట్టి
"కాలెత్తు" అంటి.
ఎత్తిండు. పండ్లు బిగవట్టి ఇంకింత ఎత్తిండు.
పదకొండు ఇంచులు.

చిన్నప్పుడు ఇద్దరం ఒక్క బోరింగు నీళ్లే తాగినం.
నేను పనికని ఊర్లు వట్టుకొని తిరిగిన
ఆయన బర్ల ఎంబడి ఊర్లనే ఉండె.
ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాకే వస్తున్నయి
వంగిన బొక్కకే
మర్లే తొవ్వ దొరకలే.

నల్లగొండ. హైదరాబాదు రోడ్డు. అద్దాల షోరూము.
టై కట్టుకున్న పోరడు, ఛాతి మీద బిళ్ల, భార్గవ్ అని.
కూల్ డ్రింకు ఇచ్చిండు. మైలేజీ జెప్పిండు, పికప్పు జెప్పిండు
బండి ఫోనుతోటి మాట్లాడుతదని గూడ జెప్పిండు.
"ఏం మాట్లాడుతది?"
"మీరు యాడున్నరో జెప్తది సార్."
నేను యాడున్ననో నాకెరికే గదా నాయనా.

టేపు దీసి ఎన్క సీటు కొలుస్తుంటే
నవ్వాల్నో వద్దో తెల్వక నిలవడ్డడు.
ముప్పై నాలుగు. ఇంకోటి ముప్పై మూడున్నర.
ఎర్రదాని ఎన్క సీటయితే తేలు కొండి లెక్క లేసింది
దాని మీద మనిషి కూసుంటడా, కోడి కూసుంటదా?
స్కూటీ తీస్కోండ్రి, తగ్గుంటది అన్నడు.
మా తొవ్వల గుంతలకు దాని కడుపు తాకుతది.

ఆఖరుకు ఓ మూలకు, దుమ్ము వట్టి,
నల్లది, సాదాది, నూరు సీసీది.
బల్ల లెక్క సీటు.
పక్కకు చీర గార్డు, దాని కింద
ఆడోళ్లు కాలు వెట్టే ఇనుప మెట్టు.
"అది ఇప్పేస్తం సార్, లుక్కు పోతది."
నేల మీదికెల్లి కొలిచిన.
పదకొండుకు ఒక్క నూలు తక్కువ.
"ఇప్పకు" అంటి.
నా గొంతు నాకే గట్టిగ ఇనవడ్డది.

కాయిదం వచ్చింది.
గోడ మీద రాసిన ధర ఒకటి, చేతుల వెట్టిన ధర ఒకటి.
ట్యాక్సు సరే. ఇన్సూరెన్సు సరే.
"హ్యాండ్లింగు పద్దెనిమిది వందలు, ఇదేంది?"
"గోదాం నుంచి తెచ్చి, తుడిచి, రెడీ చేస్తం గద సార్."
పొద్దటికెల్లి ఈ మనిషిని బస్సు ఎక్కించిన, దించిన,
ఆటో ఎక్కించిన, మీ మూడు మెట్లు ఎక్కించిన
నాకెవడిచ్చిండు పద్దెనిమిది వందలు?
అనలే. జానన్న అక్కడ్నే ప్లాస్టిక్ కుర్చీల ఉండె.
"తియ్యి" అంటి, గంతే.
మేనేజరు వచ్చిండు, పోయిండు, మల్ల వచ్చిండు.
చాయ్ తాగినం. ఎనిమిది వందలు తగ్గినయి.
ఓ హెల్మెట్టు కలిపిండ్రు, అది నా తలకు వట్టలే.

నిమ్మకాయలు తొక్కించి, దండేసి, ఫోటో దీసిండ్రు.
ఫోటోల జానన్న నవ్వలే.
యాభై రెండేండ్ల మొగోడు
పక్కకు తిరిగి కూసోవాలె.
మెట్టు మీద కాలు వెట్టిండు. నా భుజం వట్టిండు.
ఒక్కసారి రోడ్డు దిక్కు చూసిండు.
కూసున్నడు.

గడియారం దాకా మంచిగనే వచ్చినం.
అక్కడ బండి దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగింది.
షోరూమోడు పోసిన పెట్రోలు
సీసా మూతెడే ఉన్నట్టుంది.
దిగుతనని కదిలిండు.
"కూసో, మల్ల ఎక్కుడు కష్టం" అంటి
హ్యాండిలు వట్టి నూకుడు షురువు జేసిన.

మిర్చీల బండి కాడ పోరగాండ్లు నవ్విండ్రు.
బంకు ఇంకా కనవడ్తలేదు.
ఎనకకెల్లి, నా ఈపు తడుస్తుంటే చూసుకుంట,
సిమాసనం మీదున్నట్టు అడిగిండు:
"ఏమిరా తమ్మి,
నువ్వెంతిస్తవు మైలేజీ?"