ఆటుపోట్ల పట్టిక

మా వంటింటి గోడకి రెండు కాగితాలు.
ఒకటి ఆటుపోట్ల పట్టిక.
హాలిఫాక్స్ రేవులో ఏ పూట నీరు ఎంత లేస్తుందో
ఏడాది ముందే నిమిషాలతో సహా చెప్పేస్తుంది.
రెండోది ఒడెట్ డ్యూటీ చార్టు.
దాన్ని గోడ కూడా నమ్మదు.

నేను ఫెర్రీ నడుపుతాను.
ఈ ఒడ్డు నుంచి డార్ట్‌మత్, డార్ట్‌మత్ నుంచి ఈ ఒడ్డు.
మంచు కమ్మితే బూర ఊదుతాను.
ఎనిమిది గంటలయ్యాక తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టి
ఇంటికొచ్చేస్తాను.
నా పడవ నా కలలోకి రాదు.

ఆరేళ్ళు మా ఇంట్లో ఒకటే మాట చలామణీ అయింది:
ట్రైనింగ్ అయిపోనీ.
అయ్యాక పైకప్పు బాగుచేయిద్దాం.
అయ్యాక కేప్ బ్రెటన్‌లో వారం రోజులుందాం.
అయ్యాక కుక్కని తెచ్చుకుందాం,
పేరు కూడా పెట్టేశాం, బార్నకల్ అని.

అయింది. పదహారు నెలలైంది.
జీతం పెరిగింది, సంతకానికి బరువొచ్చింది.
ఒకప్పుడు అర్ధరాత్రి ఎవర్ని లేపడానికి భయపడేదో
ఆ మనిషి ఇప్పుడు తనే.
బార్నకల్ ఇంకా పేరుగానే ఉంది.

మంగళవారాలు పెద్ద కేసులు.
పుచ్చిపోయిన దవడ తీసేసి
అదే మనిషి కాలి నుంచి పిక్క ఎముక కోసుకొచ్చి
వంచి, మలిచి, దవడగా నిలబెడతారు.
"సగం వడ్రంగమే," అంటుంది.
మిగతా సగం
వెంట్రుక కన్నా సన్నని దారంతో
నెత్తురు దారిని నెత్తురు దారికి కుట్టడం.
పొద్దున ఏడింటికి లోపలికెళితే
బయట ఎండ కాసిందో వాన కురిసిందో
రాత్రి నన్ను అడిగి తెలుసుకుంటుంది.
మూడుసార్లు వేడిచేసిన చేపల సూప్‌లో
చేప ఉండదు, ఉప్పు మాత్రం ఉంటుంది.
తినకుండా కూర్చుని
నారింజ తొక్కని తెగకుండా ఒకే పాయగా తీస్తుంది.
పండు నాకిస్తుంది.

ఆ తర్వాత కూడా రాత్రి తనది కాదు.
అతికించిన కండలో నెత్తురు పారుతోందో లేదో
గంటగంటకీ నర్సు డాప్లర్ పెట్టి వింటుంది.
చప్పుడు ఆగితే ఫోను.
ఎలా ఉంటుందా చప్పుడు, అని అడిగానొకసారి.
కళ్ళు మూసుకునే నోటితో చేసి చూపించింది:
హుష్... హుష్... హుష్...
"మా పడవ పక్కన నీళ్ళు చేసేదీ అదేగా!" అన్నాను.
అప్పటికే నిద్రపోయింది.

లియో బూద్రో ముప్పై ఏళ్ళు మా పడవలో తాళ్ళు విసిరాడు.
అతని కేక ముందు నా బూర చిన్నబోయేది.
పోయిన ఫిబ్రవరిలో ఆ గొంతుని ఒడెట్ తీసేసింది.
నాకు చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

నిన్న అతను పడవెక్కాడు, టిక్కెట్టు కొనుక్కుని,
మెడ చుట్టూ ఊదారంగు స్కార్ఫుతో.
స్కార్ఫు తొలగించి, రంధ్రం మీద వేలు నొక్కి,
కంకర మీద పార లాగినట్టున్న కొత్త గొంతుతో
ఒక్కో మాటా ఏరుకుని చెప్పాడు:
"మూడో రాత్రి. రెండు గంటలకి. వచ్చింది మీ ఆవిడ.
ఒక కాలికి బూటు. ఒక కాలికి ఇంటి చెప్పు.
నర్సు బాగుందన్నా వినలేదు. తనే విన్నది.
విని, మంచం కమ్మీకి గడ్డం ఆనించి
అలాగే నిద్రపోయింది.
లేపుదామంటే నాకు గొంతేది?"
అని నవ్వాడు. చప్పుడు లేదు,
భుజాలు మాత్రం కదిలాయి.

ఆ బూటు నాకు గుర్తే.
పొద్దున గుమ్మం దగ్గర
ఒంటిగా పడున్న దాని జతని కాలితో పక్కకి తన్నింది నేనే.
అది మా పెళ్ళిరోజు మర్నాడు.

ఈవేళ మంగళవారం.
తొమ్మిదీ నలభైకి పోటు, పట్టిక ప్రకారం.
పైకప్పు కారుతున్న చోట గిన్నె పెట్టాను.
సూప్ పొయ్యి మీదుంది, ఇంకా వెలిగించలేదు.
గుమ్మం దగ్గర బూట్ల జత ఒక పక్క,
చెప్పుల జత ఇంకో పక్క,
మధ్యలో జానెడు ఎడం వదిలి సర్దాను,
చీకట్లో పాదానికి తెలిసేలా.