తాలు ఏరకుండా

ఏటుకూరు రోడ్డు కోల్డు స్టోరేజీలో
పగటి రిజిస్టరు నాది, రాత్రి కాటా సుభానీది.
మూడేళ్ళలో ఎదురుపడి మాట్లాడుకున్నది
వేళ్ళ మీద లెక్క.
అయినా ఏ వారం అతను ఏం వింటున్నాడో
నాకు తెలుసు.

అయిదు కేజీల గుండు కింద
వాడేసిన కాటా చీటీ వెనక
నీలం పెన్నుతో, వంకర రాతతో:

"వరూధిని గారూ,
ఈ వారం తోడి. పాత రేడియో కచేరీ.
పదకొండో నిమిషంలో కరెంటు పోతుంది, కంగారు పడకండి.
వాళ్ళు పాడుతూనే ఉన్నారు,
వినడమే మనకి ఆగింది."

పక్కనే ఖాళీ అమృతాంజనం డబ్బా,
అందులో గోరంత మెమరీ కార్డు.
ఏ రాగమైనా
చెవి కంటే ముందు ముక్కుకే అందేది.

బ్రాడీపేట గదిలో అన్నం ఉడికేలోగా వినేదాన్ని.
మర్నాడు టిక్కీల లెక్క వెనక జవాబు:
"తోడి విన్నాను. కుక్కరు మూడో కూత
సరిగ్గా గాంధారంలో కలిసింది.
నేను వింటున్నది వీణ, ముఖారి.
మెట్టు మీద గోరు గీసుకున్న చప్పుడు కూడా పడింది,
మీకు నచ్చుతుందనే పంపుతున్నా."

ఆ చీటీ ఒకసారి మేనేజరు చేతిలో పడింది.
కళ్ళజోడు పైకి తోసి,
"ముఖారి అంటే ఏ ఊరి సరుకమ్మా?
రేటెంత పలుకుతోంది?"

సుభానీకి నచ్చేవి అవే మరి.
దగ్గులు, కుర్చీ జరిపిన కిర్రు,
మృదంగం శృతి చేసుకునే రాతి దెబ్బలు,
తని మధ్యలో టేపు అయిపోయి
టక్కుమన్న నిశ్శబ్దం.
మా దగ్గర రోజంతా ఆడవాళ్ళు
తాలుకాయలు ఏరి పక్కన పోస్తుంటారు.
"పాటలో మాత్రం తాలు ఏరొద్దండీ,
తూకం తగ్గుతుంది"
అని రాశాడొకసారి.

ఫిబ్రవరిలో లారీలు బారులు తీరాయి.
తేజ రకం ఘాటుకి గోడలు కూడా తుమ్మాయి.
రెండు వారాలు గుండు కింద ఏమీ లేదు.
మూడో వారం చీటీ, నా పేరైనా లేకుండా:

"మా తాత సన్నాయి. చిలకలూరిపేట పక్కన ఎవరిదో పెళ్ళి.
సన్నాయి కంటే వంటవాళ్ళ కేకలే ఎక్కువ.
బాలేదు. వినకపోయినా పర్లేదు.
ప్రస్తుతం నేను వింటున్నది ఇదొక్కటే."

మధ్యాహ్నం గోదాములో, టిక్కీల సందులో కూర్చుని విన్నాను.
ఖరహరప్రియ.
పప్పు ఇటు, పప్పు ఇటు అనే గొంతు,
తప్పిపోయిన పిల్లాడి పేరు,
గిన్నెలు,
వాటి మధ్యలోంచి ఒక ఆలాపన
పట్టుచీరలకి తగలకుండా
నిండుబిందె మోసుకెళ్ళే మనిషిలా.
నిషాదం మీద నిలబడి
పైషడ్జం అందబోతుండగా
ఎవరో అరిచారు,
"గట్టిమేళం! గట్టిమేళం!"

రాగం వదిలేశాడు తాత.
తాళి పడేదాకా డోలుతో కలిసి ఊదాడు.
కూలికి వచ్చిన పని కదా.

తర్వాత అక్షింతలు, నవ్వులు,
ఎవరో ఎవరినో ఫొటోకి పిలవడం.
ఆపేయబోయాను.
అప్పుడు
అదే నిషాదం.
గుమ్మంలో విడిచిన చెప్పులు
కాలితోనే వెతికి తొడుక్కున్నట్టు
వదిలిన చోటే అందుకుని
నింపాదిగా షడ్జానికి వెళ్ళాడు.
పందిట్లో ఎవరూ వినలేదు.
అక్కడొక స్వరం బాకీ ఉందని
తెలిసింది ఆయనొక్కడికే.

మిర్చి గోదాములో ఒక సుఖం ఉంది,
కళ్ళు తుడుచుకుంటే ఎవరూ కారణం అడగరు.

జవాబు నాలుగుసార్లు రాసి చించాను.
గొప్పగా ఉందని రాస్తే తేలిపోయింది,
ఏం రాసినా ముల్లు నడుమకి రాలేదు.
చివరికి గుండు కింద పెట్టింది ఇది:

"సుభానీ గారూ,
ఇరవై ఆరో నిమిషం, నలభయ్యో సెకను.
శనివారం సాయంత్రం షిఫ్టు మారడానికి
అరగంట ముందు రండి, ఇద్దరం విందాం.
వంటవాళ్ళని తీసెయ్యొద్దు.

మీ నీలం పెన్ను నా దగ్గరే ఉండిపోయింది."