వాఘ అంటే రేపు

గ్యుమ్రీలో నేను మొదట నేర్చుకున్న మాట
నమస్కారం కాదు, 'కారుతోంది'.
అదీ సరిగ్గా పలకలేదు.
వాళ్ల భాషలో పాలు కాత్, నీటిబొట్టు కాతిల్.
మూల దుకాణంలో పైకప్పు వైపు వేలు చూపించి
కాత్, కాత్ అని మొత్తుకుంటే
దుకాణమావిడ జాలిగా ఒక పాల ప్యాకెట్ చేతిలో పెట్టింది.
డబ్బిచ్చి తెచ్చుకున్నాను. ఏం చేస్తాను?

బొట్టు మాత్రం ఆగలేదు.
స్నానాల గది గోడలో ఎక్కడో పుట్టి
పడకగది మూల దాకా నడిచొచ్చి
ఎనామిల్ గిన్నెలో టప్పుమనేది.
రాత్రి రెండింటికి లెక్కపెట్టాను,
నిమిషానికి పదకొండు.

మొదట వచ్చినవాడు ఆర్తూష్.
చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. అప్పుడే అనుమానించాల్సింది.
గొట్టాలు కొనుక్కొస్తానని పదివేల ద్రాములు పట్టుకెళ్లాడు.
ఫోను చేసినప్పుడల్లా 'వాఘ' అన్నాడు.
వాఘ అంటే రేపు.
ఆ రేపుకి తిథీ లేదు, వారమూ లేదు.

రెండోవాడి పేరు గుర్తుపెట్టుకోదల్చుకోలేదు.
ఒక్క బొట్టుని బాగుచెయ్యబోయి మూడు చేశాడు.
పోతూ పోతూ నా స్క్రూడ్రైవరు కూడా.

కింది వాటా సతెనిక్ మామ్మ రోజూ మెట్లెక్కి వచ్చేది,
తిట్టడానికి కాదు.
తన కప్పు మీద చెమ్మ ఎంత పాకిందో
పాత పేపరు మీద గీసి తెచ్చేది.
సోమవారం కోడిగుడ్డు.
గురువారం, "దీనికివాళ తోకొచ్చింది" అంది.
ఆవిడే చెప్పింది హ్మాయక్ గురించి.
వర్పెత్, అంది. చెయ్యి తిరిగిన పనివాణ్ణి ఇక్కడ అలా అంటారు.
"దొరకడు. దొరికితే వదలడు."
నంబరు లేదు, ఆయనకి ఫోనంటే గిట్టదట.
రొట్టెల బట్టీ వెనక, పాచికలాడే బల్ల దగ్గర వెతకమంది.

రెండు శనివారాలు ఊరికే తిరిగొచ్చాను.
మూడో శనివారం ఉన్నాడు.
పాచికల మీంచి తలెత్తలేదు.
"వాఘ," అన్నాడు.
నా ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు ఎనిమిది కొట్టకముందే
గుమ్మంలో మంచు దులుపుకుంటున్న బూట్లు.
రేపు అన్న మనిషి
రేపే వచ్చాడు!

సంచి విప్పలేదు. గోడకి చెవి ఆనించి
వేలి కణుపుతో తడుతూ నడిచాడు.
"ఇది భూకంపానికి ముందుది, అబద్ధమాడదు.
ఇది తర్వాత కట్టింది. దీన్ని గట్టిగా అడగాలి."
అడిగాడు. సున్నం రాలింది.
లోపల అరచెయ్యంత తుప్పు.
హస్తవాసి అనే మాటని వైద్యులకే దాచిపెట్టుకున్నాం మనం,
ఆ పూట కొంచెం ఈయనకి తీసిచ్చాను.

మూడు వేలన్నాడు. ఐదు వేల నోటిచ్చాను.
చిల్లర లేదు. సాయంత్రం ఇంటికొచ్చి తీసుకెళ్లమన్నాడు,
ఉంచుకోమంటే మొహం గంటు పెట్టుకున్నాడు.

వెళ్లాను. నల్లరాతి ఇల్లు, ఉడుకుతున్న గోధుమ వాసన,
వంటింట్లో కొళాయి.
టప్. టప్.
ఊరి గొట్టాలన్నీ కట్టే మనిషి ఇంట్లో!
నవ్వు ఆపుకున్నాను,
లోపల ఒక పద్యం కూడా తయారైపోతోంది.
ఆయన నా చూపు చూశాడు.
"పాడవలేదు. ఈ రాత్రి సున్నాకి ఇరవై కింద.
కాస్త వదలకపోతే గొట్టం గడ్డకట్టి చీలుతుంది.
మీరూ వదిలే వచ్చారుగా?"

లేదు.
మూడు నెలల కసితో
మర అరిగేలా బిగించి వచ్చాను.

చిల్లర మర్చిపోయి పరిగెత్తాను.
దీపమైనా వెయ్యకుండా కొళాయి చిటికెడు తిప్పి
అదే ఎనామిల్ గిన్నె కింద పెట్టాను.
టప్.
కింద నుంచి చీపురుకర్రతో కప్పు పొడిచింది సతెనిక్ మామ్మ,
"మళ్లీనా?"
కాదు మామ్మా, ఇది వేరే అని చెప్పాలి,
అంత భాష నా దగ్గర లేదు.
నేలకి నోరు ఆనించి
"వర్పెత్!" అని అరిచాను.

చీపురుకర్ర ఊరుకుంది.