ఏడో నెంబరు

నిన్న ఏడు. ఇవాళ పన్నెండు.
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
రౌటరు మా పాత కంప్యూటరుకి
కొత్త అంకె తగిలిస్తుంది.
టీవీకి ఆ సంగతి తెలీదు.
ఏడో నెంబరు గుమ్మంలోనే నిలబడి
సున్నాలా తిరిగి తిరిగి
దొరకలేదంటుంది.

"ఏటయ్యిందిరా దాలినాయుడూ, బొమ్మ రాదేటి?"
చింతపిక్కలు తీస్తున్న చెయ్యాపి తవిటమ్మత్త.
నూట తొంభై రెండు చుక్క నూట అరవై ఎనిమిది...
ఏమని చెప్పను?
"ఇల్లు మారిపోనాదత్తా.
టీవీ పాతింటికెల్లి తలుపు కొడతంది."

అత్త నవ్వలేదు.

మాది హిరమండలం దాటాక పునరావాస కాలనీ,
ప్లాటు నూట నలభై మూడు.
అత్త పింఛను కాయితం రెండేళ్లపాటు
నీళ్ల కిందున్న వీధికే వెళ్లింది.

రౌటరు వీపు మీద పాస్‌వర్డు, సగం చెరిగి.
మూడోసారికి తలుపు తీసింది.
టీవీకి గుర్తున్న ఆ ఏడునే
కంప్యూటరు పేరు పక్కన రాసి తాళం వేశాను.
ఇంక మారకు.
రెండింటినీ ఆర్పి, వెలిగించాను.

వచ్చింది!
దుమ్ము, తప్పెటగుళ్లు, మామయ్య కాలిగజ్జెలు,
మధ్యలో ఎవరిదో గేదె అడ్డం.
అత్త ఆట చూడటం లేదు.
వెనకున్న గోడల్ని వేళ్ల మీద లెక్కపెడుతోంది.
"ఇది సూరమ్మోలిది. ఇది పాక. ఇది... ఆపు, ఆపు.
కొంచెం ఎనక్కి తిప్పు."

తిప్పాను.

"ఆ తాళమేదో," అంది
తెర మీంచి కళ్లు తీయకుండా,
"ముందే ఏసుంటే బాగుణ్ను."